వీపు రుద్దని స్నానం

నా ఉద్యోగం చివరి ఏడాదిలో నేను రాసిన పెద్ద వార్త అచ్చు కాలేదు. దాని బదులు ఒక ఫొటో వచ్చింది. తెల్లటి రోమన్ స్తంభాల మధ్య, ఆవిరి లేస్తున్న కొలనులో, భుజాల దాకా నీళ్లలో మునిగిన కొందరు ముసలమ్మలు. ఒకామె తప్ప అందరూ నవ్వుతున్నారు. కింద ఒకే వాక్యం: రోమన్ చక్రవర్తుల భోగాన్ని రుచి చూస్తున్న మన అమ్మమ్మలు.

పత్రికల్లో చేరబోయే పిల్లల కోసం ఏదైనా రాసిపెట్టమని ఇక్కడ మలేషియాలో, ఇపోలో ఉన్న మావాళ్లు చాలాకాలంగా అడుగుతున్నారు. నేను పనిచేసింది ఇంగ్లీషు దినపత్రికలో. ఇది మాత్రం తెలుగులో రాస్తున్నాను, ఎందరు చదవగలరో తెలియకపోయినా. ఏ ఏడు ఏ కుర్చీలో కూర్చున్నానో చెప్పడం నాకు చేతకాదు, అది ఎవరికీ పనికిరాదు కూడా. ఆ ఫొటోలో నవ్వని మనిషి గురించి చెబుతాను. ఆమె పేరు అప్పలనరసమ్మ. నేను పుట్టి పెరిగిన రబ్బరు ఎస్టేట్ లైన్లో, అంటే కూలీల ఇళ్ల వరసలో, మా ఇంటికి రెండు గడపల అవతల ఉండేది. నాకు వరసకు అత్త.

వెనక గుమ్మం

నాకు పని నేర్పినవాడు లిమ్ అనే న్యూస్ ఎడిటర్. కోపిష్టి. ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర 'లా' తగిలించేవాడు. మధ్యాహ్నం అన్నం తింటూ కూడా మా వార్తలు దిద్దేవాడు, కాగితాల మీద సోయా సాస్ మరకలు పడేవి. చేరిన కొత్తలో నన్ను ఒక హోటల్ ప్రారంభోత్సవానికి పంపాడు. పాలరాయి గురించి, దీపాల గురించి బాగా రాశాననుకున్నాను.

"వెనకేముంది?" అన్నాడు.

"చూడలేదు, బాస్."

"అయితే సగం హోటల్ గురించే రాశావు. మిగతా సగం చూసి రా, లా. ముందు గుమ్మంలోంచి వెళ్లు, వెనక గుమ్మంలోంచి బయటికి రా."

వెళ్లాను. వంటింటి మురికినీళ్లు వెనకాల కంపుంగ్‌లో, అంటే పల్లెలో, వాళ్ల కాలవలోకి పోతున్నాయి. పిల్లల కాళ్లకు పుళ్లు. మర్నాడు అదే వార్త అయింది. హోటల్ వాళ్లు గొట్టం మార్చారు. అప్పట్లో రాస్తే గొట్టం మారేది. ఇప్పుడు చేరేవాళ్లకు ఆ మాట నేను ధైర్యంగా చెప్పలేను. అయినా వెనక గుమ్మం అలవాటు మానొద్దు. ఏమీ మారకపోయినా, ఏం జరిగిందో మీకైనా తెలుస్తుంది.

రోమ్ వాళ్ల స్నానం

చాలా ఏళ్లు ఆదివారం అనుబంధంలో విద్యార్థుల పేజీ నేనే రాశాను. పాతకాలపు నాగరికతల గురించి ఏం రాయమన్నా చివరికి రోమన్ల స్నానశాలల దగ్గరికి చేరేవాణ్ణి. సహోద్యోగులు ఎగతాళి చేసేవారు. నాకు దాని మీద ఎందుకంత మోజో అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

రోమ్‌లో స్నానం ఇంట్లో గుట్టుగా చేసే పని కాదు. మధ్యాహ్నం పని ముగించుకుని ఊరంతా ఒక చోటికి చేరేది. రుసుము చిన్న రాగి నాణెం. బట్టలు విప్పి గోడ గూళ్లలో పెట్టుకునేవారు, అక్కడ బట్టల దొంగలకు కొదవ లేదు. ఒళ్లంతా నూనె పట్టించుకుని, వంకర ఇనుప పలకతో మురికి గీకించుకుని, గోరువెచ్చని గదిలోంచి వేడి గదికి, అక్కణ్ణుంచి చల్లటి నీళ్లలోకి. తిండి అమ్మేవాళ్ల కేకలు, వ్యాపారపు మాటలు, పెళ్లి కబుర్లు, రాజకీయం అన్నీ ఆ ఆవిర్లోనే. నీళ్లు అంత శుభ్రంగా ఉండేవి కావని కూడా రాసేవాణ్ణి. పిల్లలకు బొమ్మలో పాలరాయి చూపించి మురికి దాచడం నాకు నచ్చదు.

పాలరాతి నేల కింద ఏముందో కూడా తప్పకుండా రాసేవాణ్ణి. ఆ నేల పొట్టి ఇటుక స్తంభాల మీద నిలబడి ఉండేది. కింద కొలిమి. పైన ప్రభువులు చెమటోడ్చి హాయిగా నిట్టూర్చేటప్పుడు, కింద బానిసలు పొగలో కట్టెలు తోస్తూ ఉండేవారు. అది రోమ్ వెనక గుమ్మం.

ఒక కథ నాకు మరీ ఇష్టం. ఒక చక్రవర్తి అందరితో పాటు స్నానానికి వచ్చేవాడట. ఒకరోజు ఒక ముసలి సైనికుడు గోడకు వీపు రుద్దుకుంటూ కనిపించాడు. ఎందుకలా అంటే, రుద్దడానికి బానిస లేడన్నాడు. చక్రవర్తి అతనికి బానిసల్ని, వాళ్లను పోషించుకునే సొమ్మునూ ఇచ్చాడు. మర్నాటికి చాలామంది ముసలివాళ్లు గోడకు వీపులు రుద్దుకుంటూ నిలబడ్డారు. చక్రవర్తి వాళ్లను పిలిచి, ఒకరి వీపు ఒకరు రుద్దుకోండి అన్నాడు. కథ అక్కడితో అయిపోతుంది. చదివిన ప్రతిసారీ నాకు మా లైను గుర్తొచ్చేది.

మా లైను స్నానం

మా ఎస్టేట్ చివర వాగు పక్కన వేడినీటి ఊట ఉండేది. మా తాతల కాలంలో ఎవరో దాని చుట్టూ రాళ్లు పేర్చి, తర్వాత సిమెంటు పూసి తొట్టి చేశారు. రబ్బరు పాలు తీసి వచ్చిన ఆడవాళ్లు లుంగీలాంటి సరోంగ్ చంకల కింద బిగించి కట్టుకుని అందులో దిగేవారు. పాల కంపు మామూలు నీళ్లకు వదిలేది కాదు. సాయంత్రం మగవాళ్ల వంతు. ఒకరి వీపు ఒకరు రుద్దుకోవడం మాకు అన్నం తినడం లాంటిది. ఎవరి మీద ఎవరికి కోపమో మా అమ్మకు అక్కడే తెలిసేది. మాట్లాడుకోని మనుషులు వీపు ఇవ్వరు.

అయితే ఆ తొట్టికి ఇంకో పని ఉండేది. ఎవరి భర్తయినా పోతే, పెద్ద దినం ముగిశాక లైన్లో ఆడవాళ్లంతా ఆమెతో కలిసి ఆ నీళ్లలో దిగేవారు. పెద్దామె ముందు, తర్వాత ఒక్కొక్కరూ, పసుపు చేత్తో ఆమె వీపు రుద్దేవారు. అందరి చేయీ తగిలాక ఆమె లేచి, దగ్గరి ఇంట్లోకి వెళ్లి, లోపల కూర్చుని గ్లాసుడు మంచినీళ్లు తాగేది. అంతవరకు ఆమె ఎవరి గడపా తొక్కదు. తొక్కొద్దని ఎవరూ అనరు, తనే తొక్కదు. నీ మనిషి పోయినా నువ్వు మాలో మనిషివే అని చెప్పడానికి మా వాళ్ల దగ్గర ఇంతకంటే వేరే మాట ఉండేది కాదు.

ఇది మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చుకున్న వాడుకో, ఊట పక్కన లైన్లు కట్టారు కాబట్టి ఇక్కడే పుట్టిందో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు.

ఎస్టేట్ చేతులు మారింది. రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది, తర్వాత అదీ పోయింది. లైన్లు కూల్చారు. మనుషులు ఫ్లాట్లకు, బాగన్ దాతుక్‌కి, సుంగై పెటానికి, క్లాంగ్ వైపు ఫ్యాక్టరీలకు చెదిరిపోయారు. ఊట చుట్టూ గోడ లేచింది. గోడ లోపల ఒక విహారకేంద్రం వచ్చింది. ముఖద్వారానికి తెల్లటి స్తంభాలు, దండ చుట్టుకున్న విగ్రహాలు, పైన రోమన్ స్నానశాల అని బంగారు రంగు అక్షరాలు. దారిన పోతూ మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

ఫిల్టర్ లేని రోమన్లు

అప్పలనరసమ్మత్త భర్త రాములు మామ ఫ్లాట్లోనే పోయాడు. నేను వెళ్లేసరికి అత్త తలుపు బయట వరండాలో చాప మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూడగానే అడిగింది.

"ఒరే సూరీ, పేపరోల్లంటే అందరూ బయపడతారు గదా. నన్ను ఆ ఊటకాడికి తీసుకెల్లగలవా?"

"గోడ కట్టేశారు కదత్తా."

"గోడ కట్టినారు, గేటెట్టనేదేటి? మీ మామకి నాను సేసేది ఇంకేటుంది? పెద్దదినం అయినాక ఆ నీలు పడాల, ఆడోల్ల సెయ్యి పడాల. నేకపోతే ఎవులింటికెల్లినా నాను ఇలాగ గుమ్మం బయటే ఉండిపోతాను."

అది బెదిరింపు కాదు. జరగబోయేది చెప్పింది, అంతే.

మర్నాడు ఆ విహారకేంద్రం మేనేజర్ని కలిశాను. మర్యాదస్తుడు. తమిళం, మలయ్, ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడు. అంతా విని తల ఊపాడు.

"టికెట్ అక్కర్లేదు, అంకుల్. కానీ సరోంగ్ తక్ బోలే లా, కుదరదు. నూలు పోగులు ఫిల్టర్‌లో పడతాయి. స్విమ్‌సూట్ ఉండాలి. పసుపు తక్ బోలే. నూనె తక్ బోలే."

"మీ బోర్డు మీద రోమన్ అని ఉంది. వాళ్లు ఒళ్లంతా నూనె రాసుకునే స్నానానికి వెళ్లేవారు, తంబీ."

"రోమన్లకి ఫిల్టర్ లేదు లా, అంకుల్."

అతను నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. మాట బాగుంది. మీకు నచ్చని మనిషి మంచి మాట అన్నప్పుడు దాన్ని కూడా రాసుకోండి.

చివరికి ఒప్పుకున్నాడు. తెరిచే వేళకు ముందే రానిస్తాడు. ఒళ్లు కప్పే స్విమ్‌సూట్లు వాళ్లే ఇస్తారు. బదులుగా మా పత్రిక ఫొటోగ్రాఫర్ రావాలి. నేను అత్తకు అన్నీ చెప్పాను, ఫొటో సంగతితో సహా. ఆమె ఒక్కటే అడిగింది.

"నీలు అవేనా?"

"ఊట అక్కడే ఉందత్తా, కొలను దాని పక్కనే."

"అయితే సాలు. బట్టదేటుంది."

ఆ పొద్దు

ఆడవాళ్లను కూడగట్టడం తేలిక కాలేదు. కాళ్లు రాని వాళ్లు, కొడుకు సెలవు పెట్టలేని వాళ్లు, ఎవరింటికి ఫోన్ చేసినా తెలుగు రాని మనవలు. అయినా లైన్లో మిగిలిన వాళ్లు చాలామంది వచ్చారు. వ్యాన్‌లో వాళ్లకు పొద్దుపోవడానికి ఆ చక్రవర్తి కథ చెప్పాను. వాళ్లలో ఎర్నమ్మ అనే ఆవిడ, అత్తకు ఆడపడుచు వరస, గట్టిగా నవ్వింది.

"రాజైతే ఏటి, సెప్పీసి ఎల్లిపోనాడు. తను రుద్దనేదు గదా!"

బట్టలు మార్చుకునే గదిలోంచి వాళ్లు నల్లటి బిగుతు దుస్తుల్లో, మణికట్ల నుంచి చీలమండల దాకా కప్పుకుని వచ్చారు. ఒకరినొకరు చూసుకుని నవ్వలేక చచ్చారు.

"ఓలమ్మా, జెలగల్లాగున్నాం!"

"నువ్వు జెలగవి. నాను డుగాంగ్‌ని, సముద్దరపావుని. సూడు నా పొట్ట!"

అత్త కూడా నవ్వింది. ఆ పొద్దున ఆమె నవ్వింది ఆ ఒక్కసారే. వాళ్లు నీళ్లలో దిగుతుండగా నేను అలవాటు కొద్దీ భవనం వెనక్కి వెళ్లాను.

వెనక పెద్ద గ్యాస్ బండలు వరసగా ఉన్నాయి. ఒక రేకుల షెడ్డులో నీళ్లు కాచే యంత్రం మోగుతోంది. దాని దగ్గర నేపాల్ నుంచి వచ్చిన ఒక నడివయసు మనిషి చెమటలో తడిసి నిలబడి ఉన్నాడు. మలయ్‌లో మాట కలిపాను. ఊట నీళ్లు ఈ యంత్రంలోకి ఎందుకు పంపుతున్నారని అడిగాను. ఆశ్చర్యపోయాడు.

"ఊటా? అది ఎప్పుడో సన్నగిల్లిపోయింది, అబాంగ్. ముందువైపు సింహం బొమ్మ నోట్లోంచి కారేది అదొక్కటే. కొలనులోవి కుళాయి నీళ్లు. నేనే కాస్తాను."

ఏళ్ల తరబడి నేను పిల్లలకు రాసిన కొలిమి, నేల కింద మనిషి, ఇదుగో ఎదురుగా ఉన్నాడు. బోర్డు అబద్ధం చెప్పలేదు. ఇది నిజంగానే రోమన్ స్నానశాల.

తిరిగి వచ్చేసరికి అత్త నీళ్లు దోసిట్లోకి తీసుకుని చూస్తోంది. నన్ను చూసి అడిగింది.

"ఏరా, నీలేటి ఇలాగున్నాయి? ఆస్పత్రి వాసనొస్తంది."

దాచడం నాకు చేతకాలేదు. "ఊట నీళ్లు కావత్తా. ఊట ఎండిపోవచ్చింది. ఇవి కుళాయి నీళ్లు."

అందరూ ఆగిపోయారు. ఎర్నమ్మే ముందు తేరుకుంది.

"పోనీలే వొదినా. ఇంత దూరం వొచ్చినాం. నీలు ఏవైతే ఏటి, మన సేతులు మనియే గదా. కానిచ్చీ."

అత్త మెల్లగా వెనక్కి తిరిగి వీపు ఇచ్చింది. ఎర్నమ్మ చెయ్యి వేసింది. ఆ బట్ట జారుడు బట్ట. చెయ్యి మీద నుంచి జారిపోయింది. మళ్లీ వేసింది, మళ్లీ జారింది. వెనకనుంచి ఎవరో ఆపుకోలేక "సేపని తోమినట్టుందే" అన్నారు. కిసుక్కుమన్నారు. నవ్వు అంటుకుంది. ఫొటోగ్రాఫర్‌కి అదే కావాలి. "ఇలా చూడండి ఆంటీ, ఇంకోసారి, చాంతిక్, చాంతిక్, బాగుంది" అంటూ గట్టు మీద మోకాళ్లపై కూర్చున్నాడు.

అత్త మెడ దగ్గర జిప్పు కోసం వీపు వెనక చెయ్యి పెట్టి తడుముకుంది. కాస్త కిందికి లాగితే చాలు. గట్టు మీద నిలబడ్డ కాపలా అమ్మాయి ఈల ఊదింది. "ఆంటీ, తక్ బోలే! సూట్ విప్పకూడదు!"

అత్త చెయ్యి దించేసింది. ఒక్కొక్కరూ ఇంకా నవ్వుతూనే వచ్చి ఆ నల్లబట్ట మీద చెయ్యి వేసి జరిగిపోయారు. ఫొటోలో ఉన్నది ఆ క్షణమే.

బయటికి వచ్చాక ఎర్నమ్మ "అయిపోయింది, ఎవులింటికైనా ఎల్లి నీలు తాగీ వొదినా" అంది. పొద్దెక్కుతోంది, కొడుకులు కార్ల దగ్గర తొందర పెడుతున్నారు. అందరూ "అయిపోయింది, అయిపోయింది" అనుకుంటూ చెదిరిపోయారు.

అత్త నాతో వ్యాన్ ఎక్కుతూ అంది: "నా సెర్మానికి ఒక్క సెయ్యి తగల్లేదురా."

అచ్చు కానిది

ఆ సాయంత్రమే రాశాను. ఊట గురించి, గ్యాస్ బండల గురించి, సింహం నోటి గురించి, అత్త వీపు గురించి. నా జీవితంలో అంత బాగా ఇంకెప్పుడూ రాయలేదని ఇప్పటికీ అనుకుంటాను.

అప్పటి ఎడిటర్ ఫరీదా, నాకంటే చాలా చిన్నది, నిజాయితీ గలది. రెండుసార్లు చదివింది.

"ఊట నీళ్లు అని చెప్పి కుళాయి నీళ్లు పోస్తున్నారని రాస్తే కేసు వేస్తారు. ఆ షెడ్డు మనిషి పేరు ఇస్తారా, సూరి గారూ?"

ఇవ్వలేనన్నాను. పేరు వస్తే మర్నాడే అతణ్ణి విమానం ఎక్కిస్తారు.

"నీళ్లు పరీక్ష చేయిద్దాం అన్నా వాళ్లు రానివ్వరు. మరి ఆ భాగం తీసేస్తే మిగిలేదేమిటి?"

"ఆమె."

"అది ఒక మనిషి బాధ. వార్త ఎక్కడుంది?" అంది. అన్నాక తనే తలదించుకుంది.

ఆమెను తప్పు పట్టలేదు. ఆమె కుర్చీలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. చాలామందికి అదే అన్నాను కూడా. ఈ వృత్తిలో చెడ్డవాళ్ల వల్ల జరిగే అన్యాయం తక్కువ. ప్రతివాడూ తన పని సరిగ్గానే చేస్తాడు. మేనేజర్ ఫిల్టర్‌ని కాపాడాడు, కాపలా అమ్మాయి నియమాన్ని, ఫరీదా పత్రికని, నేను షెడ్డు మనిషిని. అత్తని కాపాడటం ఎవరి పనీ కాలేకపోయింది. మీరు ఈ ఉద్యోగంలో చేరితే ఇలాంటిది మీకూ తప్పదు. దానికి నా దగ్గర ఉపాయం లేదు. ఉందని చెప్పేవాళ్లను నమ్మకండి.

ఫొటో వచ్చింది. దాన్ని పెద్దది చేయించి ఆ విహారకేంద్రం టికెట్ల కిటికీ పక్కన తగిలించారని తర్వాత తెలిసింది.

గడప

అత్త ఇప్పుడు సుంగై పెటానిలో కూతురి దగ్గర ఉంటోంది. కూతురిల్లు సొంతిల్లు కిందే లెక్క కాబట్టి అక్కడ లోపలే ఉంటుంది. ఇంకెవరింట్లోనూ అడుగు పెట్టదు. పెళ్లిళ్లకు వస్తే పందిట్లో కూర్చుని పందిట్లోంచే వెళ్లిపోతుంది. ఎవరూ ఆమెను బయట ఉండమనలేదు. చాలామందికి ఆ వాడుకే గుర్తు లేదు. గుర్తున్న ఎర్నమ్మ కిందటేడు పోయింది.

ఈమధ్య ఒక పెళ్లికి ఇపో వచ్చినప్పుడు మా ఇంటికి తీసుకొచ్చారు. కారు నిలిపే పోర్చ్‌లో ప్లాస్టిక్ కుర్చీ చూసుకుని కూర్చుంది. నా భార్య సరోజ చెయ్యి పట్టుకుని లాగింది.

"లోపలికి రా అత్తా, ఫ్యాన్ కింద కూర్చుందువు."

"వొద్దమ్మా, ఇక్కడే గాలొస్తంది."

"అందరూ అయిపోయిందనే అన్నారట కదా."

"ఆల్లకి అయిపోనాది. నాకవనేదు."

సరోజ గొంతు తగ్గించి అంది: "మా బాత్రూమ్‌లో నేను పోస్తాను, అత్తా. పసుపు రాసి నేనే రుద్దుతాను. ఎవరూ ఈల ఊదరు."

అత్త నవ్వి ఆమె చెంప నిమిరింది. "నువ్వొక్కదానివేనేటే? లైనంతా ఉండాల గదా తల్లీ. ఇంకెక్కడుంది లైను?"

వాన మొదలైంది. జల్లు పోర్చ్‌లోకి కొడుతోంది. అత్త కుర్చీని గోడ దాకా జరుపుకుంది, గడప దాకా కాదు. చాలాసేపు వాన చూసి, ఉన్నట్టుండి అడిగింది.

"ఒరే సూరీ, ఆ పొద్దు వేన్లో రాజు కత సెప్పినావు. ఆ ముసిలోల్లు రుద్దుకున్నారా మరి?"

"తెలీదత్తా. రాసినవాళ్లు అక్కడితో ఆపేశారు."

"ఆపీడమేటి? ఉండి సూడొద్దా?"

సరోజ టీ తెచ్చి గడప ఇవతల నిలబడి గ్లాసు అందించింది. అత్త అవతలనుంచి అందుకుని, వాన చూస్తూ నెమ్మదిగా తాగింది. తర్వాత లేచి, పోర్చ్ కుళాయి కింద గ్లాసు తనే కడిగి, గడప బయట బోర్లించింది.